ఆక్టాహెడ్రన్‌కు 12 అంచులు, ఎలక్ట్రాన్ జతలు ఏడే: క్లస్టర్ సమ్మేళనాల లెక్క

బి₆హెచ్₆²⁻ అయాన్ బొమ్మ ఏ పుస్తకంలో చూసినా ఒకేలా ఉంటుంది. ఎనిమిది త్రిభుజ ముఖాలున్న ఆక్టాహెడ్రన్ ఆరు మూలల్లో ఆరు బోరాన్లు, ఒక్కోదానికి బయటివైపు ఒక హైడ్రోజన్, బోరాన్లను కలుపుతూ 12 గీతలు. ఆ గీతలు బంధాలే అనుకుంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. గీతకు రెండు ఎలక్ట్రాన్ల చొప్పున 24 కావాలి. ఉన్నవెన్నో చూద్దాం. ఆరు బోరాన్లు తలా 3 ఇస్తే 18, హైడ్రోజన్లవి 6, ఋణావేశం వల్ల వచ్చినవి 2. మొత్తం 26. వీటిలో 12 బయటి బి-హెచ్ బంధాలకే సరిపోతాయి. బోరాన్ చట్రాన్ని నిలబెట్టడానికి మిగిలేవి 14, అంటే ఏడు జతలు.

పన్నెండు అంచులకు ఏడు జతలు. చాలా పుస్తకాలు దీన్ని ‘ఎలక్ట్రాన్ కొరత’ అంటాయి. ఆ మాట తప్పుదోవ పట్టిస్తుంది. ఆ చట్రానికి కావాల్సినవి ఏడు జతలే, ఉన్నవీ ఏడే. కొరత ఉన్నది అంచుకు ఒక జత ఉండాలన్న మన అంచనాలోనే. ఇలా పరమాణువులు గుంపుగా చట్రం కట్టే క్లస్టర్ల లెక్క నేర్చుకునేవారు ముందుగా వదులుకోవాల్సింది ఆ అంచనానే. ఇక్కడ ఎలక్ట్రాన్లు అంచులకు కాదు, మొత్తం చట్రానికి చెందుతాయి.

ఏడు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఒక బి-హెచ్ ముక్కను విడిగా తీసుకుందాం. బోరాన్‌కు నాలుగు వేలన్సీ ఆర్బిటాళ్లు, అంటే బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్ నెలవులు, ఉంటాయి. బయటికి చూసే ఒక ఎస్‌పీ ఆర్బిటాల్ హైడ్రోజన్‌తో బంధానికి పోతుంది. చట్రానికి మూడు మిగులుతాయి: క్లస్టర్ కేంద్రం వైపు చూసే ఎస్‌పీ ఒకటి, చట్రం ఉపరితలానికి ఒరుసుకుంటూ అడ్డంగా ఉండే పీ ఆర్బిటాళ్లు రెండు. ముక్క దగ్గర ఉన్న నాలుగు ఎలక్ట్రాన్లలో రెండు హైడ్రోజన్ బంధంలో ఉంటాయి, రెండు చట్రానికి వస్తాయి. అంటే ప్రతి బి-హెచ్ మూడు ఆర్బిటాళ్లు, రెండు ఎలక్ట్రాన్లు తెస్తుంది.

ఆరు మూలలకు 18 ఆర్బిటాళ్లు. కేంద్రం వైపు చూసే ఆరూ ఒకే దశలో కలిస్తే క్లస్టర్ నడిమధ్యలో ఒక బలమైన బంధక ఆర్బిటాల్ ఏర్పడుతుంది. ఆరు బోరాన్లూ కలిసి పంచుకునేది ఇది, అన్నిటికన్నా తక్కువ శక్తి గలది. ఆక్టాహెడ్రన్‌లో ఒకదానికొకటి లంబంగా మూడు చతురస్రాలు కనిపిస్తాయి. ఒక్కో చతురస్రం తలంలో దాని నాలుగు మూలల అడ్డ పీ ఆర్బిటాళ్లు చుట్టూ చేతులు కలిపినట్టు కలిసి ఒక బంధక ఆర్బిటాల్‌నిస్తాయి. అలా మూడు. మిగిలిన మూడు మిశ్రమాలు. ఒక అక్షం రెండు కొసల్లో ఉన్న బోరాన్ల ఎస్‌పీ ఆర్బిటాళ్లు, నడుమ చతురస్రంలోని నాలుగు బోరాన్ల మీద ఆ అక్షానికి సమాంతరంగా ఉన్న పీ ఆర్బిటాళ్లతో కలిసి ఏర్పడతాయివి. మొత్తం ఒకటి, మూడు, మూడు, కలిపి ఏడు బంధక ఆర్బిటాళ్లు. తక్కిన 11 అపబంధకాలు, శక్తిలో చాలా పైన ఉంటాయి. ఏడు నిండి పదకొండు ఖాళీగా ఉంటేనే చట్రం స్థిరం. తటస్థ బి₆హెచ్₆ కు ఆరు జతలే కనుక ఏడో ఆర్బిటాల్ ఖాళీగా ఉండిపోతుంది. ఆ రెండు ఋణావేశాలు రావడానికి కారణం ఇదే.

మూలల సంఖ్యను ‘ఎన్’ అనుకుంటే, త్రిభుజ ముఖాలతో మూసుకున్న చట్రానికి ఎన్+1 జతలు కావాలి. కేంద్రంలో అందరూ పంచుకునే ఆ ఒక్క ఆర్బిటాల్ వల్లనే ఈ ‘+1’ అని గుర్తుంచుకుంటే సూత్రం మరచిపోవడం కష్టం.

ఈ అవగాహన ఒక్కరోజులో రాలేదు. జర్మనీలో ఆల్ఫ్రెడ్ స్టాక్ 1912 నుంచి బోరాన్ హైడ్రైడ్లను గాలి సోకని శూన్య గాజు పరికరాల్లో తయారుచేసి వేరుచేశాడు. గాలి తగిలితే వాటిలో చాలావాటికి నిప్పంటుకుంటుంది కాబట్టి అలాంటి పరికరాలు తప్పలేదు. వాటిలో వాడిన పాదరసం ఆవిరి ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. డైబోరేన్‌లో రెండు హైడ్రోజన్లు రెండు బోరాన్ల మధ్య వంతెనల్లా ఉంటాయని ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి క్రిస్టఫర్ లాంగెట్-హిగిన్స్, తన గురువు బెల్‌తో కలిసి 1943లో రాశాడు. 12 బోరాన్ల ఐకోసాహెడ్రన్ (20 త్రిభుజ ముఖాల ఆకారం) బి₁₂హెచ్₁₂²⁻ రూపంలోనే స్థిరపడుతుందని 1955లో లాంగెట్-హిగిన్స్, రాబర్ట్స్ లెక్కగట్టారు. 1960లో పిటోచెల్లి, హాథార్న్ దాన్ని తయారుచేసి చూపారు. బోరేన్ల (బోరాన్ హైడ్రైడ్ల) నిర్మాణంపై పనికి విలియం లిప్స్‌కూంబ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. 1971లో రాబర్ట్ విలియమ్స్ ఆకారాల మధ్య చుట్టరికాన్ని బయటపెట్టాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయం నుంచి కెన్నెత్ వేడ్ ఆ చుట్టరికానికి ఎలక్ట్రాన్ లెక్కను జోడించాడు. 1972లో మైఖేల్ మింగోస్ దాన్ని లోహ క్లస్టర్లకు విస్తరించాడు. అందుకే వీటిని వేడ్-మింగోస్ నియమాలంటారు.

ఒకే ఏడు జతలు, మూడు ఆకారాలు

పెంటాబోరేన్ బి₅హెచ్₉ తీసుకోండి. ఐదు బి-హెచ్ ముక్కలు 10 ఎలక్ట్రాన్లు ఇస్తాయి. అదనంగా ఉన్న నాలుగు హైడ్రోజన్లు తలా ఒకటి ఇస్తాయి. మొత్తం 14, మళ్లీ ఏడు జతలే. మూలలు మాత్రం ఐదు. టెట్రాబోరేన్ బి₄హెచ్₁₀ లో నాలుగు ముక్కలవి 8, అదనపు హైడ్రోజన్లవి 6, ఇదీ 14. మూడింటిలోనూ ఏడు జతలు ఉన్నాయంటే మూడింటికీ మాతృరూపం ఒకటే, ఆక్టాహెడ్రన్. దాని ఒక మూల తీసేస్తే బి₅హెచ్₉ చతురస్ర పిరమిడ్. పక్కపక్కనున్న రెండు మూలలు తీసేస్తే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాంటి బి₄హెచ్₁₀.

మూల పోయినా బంధక ఆర్బిటాళ్ల సంఖ్య మారదు. ఇదే ఈ నియమానికి గుండెకాయ. మూసుకున్నది క్లోజో, ఒక మూల తక్కువైతే నిడో, రెండు తక్కువైతే అరాక్నో, మూడు తక్కువైతే హైఫో. పక్షి గూడుకు లాటిన్‌లో ఉన్న మాట నుంచి నిడో, సాలెగూడుకు గ్రీకులో ఉన్న మాట నుంచి అరాక్నో వచ్చాయి. మూలల సంఖ్యతో చెబితే వరుసగా ఎన్+1, ఎన్+2, ఎన్+3, ఎన్+4 జతలు. మొత్తం వేలన్సీ ఎలక్ట్రాన్లతో చెబితే 4ఎన్+2, 4ఎన్+4, 4ఎన్+6, 4ఎన్+8. రెండు పద్ధతులతోనూ లెక్కవేసి సరిచూసుకోవడం మంచి అలవాటు. బి₄హెచ్₁₀ లో 12, 10 కలిపితే 22. 4×4+6 కూడా 22.

మాతృరూపాల జాబితా నోటికి రావాలి. ఐదు మూలలకు ట్రైగోనల్ బైపిరమిడ్, ఆరుకు ఆక్టాహెడ్రన్, ఏడుకు పెంటగోనల్ బైపిరమిడ్, ఎనిమిదికి త్రిభుజ ముఖాల డోడెకాహెడ్రన్, తొమ్మిదికి మూడు టోపీల (ముఖం మీద అదనంగా కూర్చున్న మూలే టోపీ) ట్రైగోనల్ ప్రిజం, పదికి రెండు టోపీల స్క్వేర్ యాంటీప్రిజం, పదకొండుకు ఆక్టాడెకాహెడ్రన్, పన్నెండుకు ఐకోసాహెడ్రన్.

రెండు హైడ్రోజన్ల తేడా

పద్ధతి తెలియాలంటే ఒకే కుటుంబంలోని రెండు కార్బోరేన్లను (చట్రంలో బోరాన్‌తో పాటు కార్బన్ కూడా ఉన్నవి) పక్కపక్కన పెట్టి చూడాలి: సి₂బి₄హెచ్₆, సి₂బి₄హెచ్₈. రెండింటిలోనూ మూలలు ఆరు. ముందు ప్రతి మూలకూ ఒక హైడ్రోజన్ కట్టేయాలి. ప్రధాన గ్రూపు మూలకం ఏదైనా అది చట్రానికిచ్చే ఎలక్ట్రాన్లు, దాని వేలన్సీ ఎలక్ట్రాన్లకు బయటి లైగాండ్ (దానికి అతుక్కున్న పరమాణువు లేదా అణువు) ఇచ్చేవి కలిపి 2 తీసేస్తే వస్తాయి. బి-హెచ్‌కు 3+1−2, అంటే 2. సి-హెచ్‌కు 4+1−2, అంటే 3. బయట హైడ్రోజన్ లేకుండా ఒంటరి జతతో ఉన్న సల్ఫర్‌కు 6−2, అంటే 4.

మొదటి సమ్మేళనంలో నాలుగు బి-హెచ్‌లు 8, రెండు సి-హెచ్‌లు 6, మొత్తం 14. ఏడు జతలు, ఆరు మూలలు, ఎన్+1. కనుక మూసుకున్న ఆక్టాహెడ్రన్. రెండోదానిలో అదనంగా రెండు హైడ్రోజన్లున్నాయి, 16 ఎలక్ట్రాన్లు, ఎనిమిది జతలు, ఎన్+2. ఎనిమిది జతలు అడిగే మూసిన చట్రానికి ఏడు మూలలుండాలి, అది పెంటగోనల్ బైపిరమిడ్. దాని శిఖరాల్లో ఒకటి తీసేస్తే పెంటగోనల్ పిరమిడ్ మిగులుతుంది. ప్రయోగంలో కనిపించేదీ అదే.

ఇప్పుడు ఆ రెండు అదనపు హైడ్రోజన్లు ఎక్కడున్నాయో చూడండి. కార్బన్లు రెండూ అడుగు పంచభుజిలో పక్కపక్కన ఉంటాయి. బోరాన్లలో ఒకటి శిఖరంలో, మూడు అడుగున. అంటే అడుగున బోరాన్-బోరాన్ అంచులు సరిగ్గా రెండు. రెండు హైడ్రోజన్లూ ఆ రెండు అంచుల మీద వంతెనలై కూర్చుంటాయి. వంతెన హైడ్రోజన్ తెరిచిన ముఖం అంచునే, సాధారణంగా బోరాన్ల మధ్యే చేరుతుంది. కార్బన్‌తో పంచుకోదు. నిర్మాణం ఊహించేటప్పుడు ఈ ఒక్క విషయం చాలా తప్పుల నుంచి కాపాడుతుంది.

మాతృరూపంలోని మూలలన్నీ సమానం కాకపోతే ఏ మూల తీసేయాలి? నిడోకు ఎక్కువ పొరుగులున్న మూలను తీసేయాలి. డెకాబోరేన్ బి₁₀హెచ్₁₄ లో 24 ఎలక్ట్రాన్లు, 12 జతలు, ఎన్+2. మాతృరూపం 11 మూలల ఆక్టాడెకాహెడ్రన్. అందులో ఆరుగురు పొరుగులున్న మూల ఒక్కటే, పోయేది అదే. అరాక్నోకు వచ్చేసరికి తెరిచిన ముఖం అంచునున్న పొరుగు మూల రెండోదిగా పోతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

విద్యార్థులు చేసే పొరపాట్లు దాదాపు ప్రతిసారీ అవే చోట్ల కనిపిస్తాయి. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ పేపర్లకు తయారయ్యేవారు వీటి మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

అన్నిటికన్నా మామూలుది హైడ్రోజన్లను రెండుసార్లు లెక్కించడం. బి-హెచ్ ముక్కకు 2 వేశాక ఆ హైడ్రోజన్ పని అయిపోయింది. బి₅హెచ్₉ లో తొమ్మిదింటికీ మళ్లీ ఒక్కొక్కటి కలిపితే 19 వస్తుంది. బేసి సంఖ్య రాగానే అనుమానం రావాలి. మరొకటి బిహెచ్₂ సమస్య. బి₄హెచ్₁₀ లో రెండు బోరాన్లకు బయటివైపు రెండేసి హైడ్రోజన్లున్నాయి. రెండో హైడ్రోజన్ కూడా బయటిదే కదా, చట్రానికి ఎందుకు లెక్కించాలని అడుగుతారు. ఆ బంధం క్లస్టర్ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని, చట్రం ఆర్బిటాళ్లలో ఒకదాన్ని వాడుకుంటూ ఏర్పడుతుంది. కనుక దాన్ని చట్రం లెక్కలోనే వేయాలి.

లైగాండ్ ఎలక్ట్రాన్ జతనిచ్చే బేస్ అయినప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. బి₁₀హెచ్₁₂ కు రెండు అసిటోనైట్రైల్ అణువులు చేరిన సమ్మేళనంలో ఒక్కో అసిటోనైట్రైల్ రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. 30, 12, 4 కలిపితే 46. ఇది 4×10+6, అరాక్నో. ఆ నాలుగూ మరచిపోతే 42 వచ్చి, క్లోజో అనే పూర్తిగా తప్పు ఆకారం చేతికొస్తుంది. ఇదేమీ అరుదైన పదార్థం కాదు. ఎసిటిలీన్‌తో చర్య జరిపించి ఆర్థో-కార్బోరేన్ సి₂బి₁₀హెచ్₁₂ చేసేది దీనితోనే. అందులో 10 బి-హెచ్‌లవి 20, రెండు సి-హెచ్‌లవి 6, మొత్తం 13 జతలు, పన్నెండు మూలల ఐకోసాహెడ్రన్. తయారైనప్పుడు కార్బన్లు పక్కపక్కన ఉంటాయి. 400 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేస్తే అవి ఎడమై మెటా రూపం వస్తుంది, ఇంకా పైకి వెళ్తే పారా రూపం. మూడింటి ఎలక్ట్రాన్ లెక్కా ఒక్కటే. కార్బన్ ఏ మూలలో ఉంటుందో ఈ లెక్క చెప్పదు. దాని నుంచి అది ఆశించకూడదు.

ఈ కార్బోరేన్‌ను ఆల్కహాల్‌లో క్షారంతో మరిగిస్తే ఒక బోరాన్ మూల ఊడిపోతుంది. చివరికి వచ్చే సి₂బి₉హెచ్₁₁²⁻ లో 18, 6, 2 కలిపి 26 ఎలక్ట్రాన్లు, మళ్లీ 13 జతలే. 11 మూలల నిడో. తెరుచుకున్న ఐదు పరమాణువుల ముఖం లోహాన్ని సైక్లోపెంటాడైఈనైల్ వలయంలాగే పట్టుకుంటుంది. ‘మూల తీసినా జతలు మారవు’ అన్నది కాగితం మీది మాట కాదని చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

లోహాలకు వచ్చేసరికి

పరివర్తన లోహానికి తొమ్మిది వేలన్సీ ఆర్బిటాళ్లు. చట్రానికి మూడు ఇస్తే ఆరు మిగులుతాయి. రెండేసి ఎలక్ట్రాన్లిచ్చే కార్బొనైల్ (సీఓ) లైగాండ్ల బంధాలు, బంధాల్లో పాల్గొనని అబంధక డీ జతలు ఆ ఆరింటిలో 12 ఎలక్ట్రాన్లతో సర్దుకుంటాయి. కాబట్టి లోహ ముక్క చట్రానికిచ్చేది దాని వేలన్సీ ఎలక్ట్రాన్లకు లైగాండ్లవి కలిపి 12 తీసేసినంత. మూడు కార్బొనైల్‌లున్న ఇనుముకు 8+6−12, అంటే 2, బి-హెచ్‌తో సమానం. మూడు కార్బొనైల్‌ల కోబాల్ట్‌కు 9+6−12, అంటే 3, సి-హెచ్‌తో సమానం.

ఈ సమానత ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. బి₅హెచ్₉ శిఖరంలోని బి-హెచ్ స్థానంలో ఇనుము ట్రైకార్బొనైల్ కూర్చున్న సమ్మేళనం నిజంగానే ఉంది. అడుగునున్న నాలుగు బి-హెచ్, నాలుగు వంతెన హైడ్రోజన్ల బదులు నాలుగు సి-హెచ్‌లు పెడితే 12+2, మళ్లీ 14. అది 1965లో తయారైన సైక్లోబ్యూటాడైఈన్ ఇనుము ట్రైకార్బొనైల్. కర్బన లోహ రసాయనంలో దాన్ని వలయానికి కట్టిన లోహంగా చదువుకుంటాం. ఈ లెక్కలో అది ఐదు మూలల నిడో క్లస్టర్.

మూలలన్నీ లోహాలైతే ఒక్కో మూలకు 10 ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, క్లోజోకు 14ఎన్+2, నిడోకు 14ఎన్+4. ఆరు రోడియంలు, 16 కార్బొనైల్‌లున్న క్లస్టర్‌లో 54, 32 కలిపి 86, అంటే 14×6+2. మధ్యలో కార్బన్ ఇరుక్కున్న క్లస్టర్లలో ఆ కార్బన్ నాలుగు ఎలక్ట్రాన్లూ ఇస్తుంది కానీ మూలగా లెక్కకు రాదు. ఐదు ఇనుములు, ఒక కార్బన్, 15 కార్బొనైల్‌లు: 40+4+30, మొత్తం 74, నిడో, చతురస్ర పిరమిడ్. కార్బన్ పిరమిడ్ అడుగు చతురస్రం మధ్యలో, కాస్త కిందికి ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న సహజం. ప్రతి లోహానికీ 18 ఎలక్ట్రాన్లు, ప్రతి అంచుకూ ఒక బంధం అన్న పాత పద్ధతి ఎందుకు సరిపోదు? కొన్ని చోట్ల సరిపోతుంది. నాలుగు కోబాల్ట్‌లు, 12 కార్బొనైల్‌ల టెట్రాహెడ్రన్‌కు ఆరు అంచులు, 18×4−12, అంటే 60. 14×4+4 కూడా 60. ట్రైగోనల్ బైపిరమిడ్‌కు తొమ్మిది అంచులు, 90−18, అంటే 72. వేడ్ లెక్కలోనూ 72. రెండు దారులూ విడిపోయేది ఆక్టాహెడ్రన్ దగ్గర. 108−24 చేస్తే 84 వస్తుంది, రోడియం క్లస్టర్‌లో ఉన్నవి 86. ప్రతి మూలకూ మూడే అంచులున్న ఆకారాల్లో మళ్లీ పాత పద్ధతే సరైనది. లోపల కార్బన్ ఉన్న ఆరు రోడియంల ట్రైగోనల్ ప్రిజం ద్వి ఋణ అయాన్‌లో 15 కార్బొనైల్‌లు: 54+4+30+2, మొత్తం 90. తొమ్మిది అంచులకు 108−18 కూడా 90. క్యూబేన్ సి₈హెచ్₈, తెల్ల ఫాస్ఫరస్ పి₄ ఈ కోవలోవే. వాటికి వేడ్ నియమం వేయబోతే అనవసరమైన గందరగోళం. మూలకు మూడు అంచులుంటే అంచుల లెక్క, ముఖాలన్నీ త్రిభుజాలై మూలకు నాలుగు లేదా ఆపైన అంచులుంటే చట్రం లెక్క. ఈ విభజన మనసులో ఉంటే ఏ సూత్రం ఎప్పుడు తీయాలో తడుముకోనక్కర్లేదు.

ఓస్మియం చెప్పే పాఠం

ఆరు ఓస్మియంలు, 18 కార్బొనైల్‌లు. 48+36, మొత్తం 84. చట్రం జతలు ఆరు, మూలలూ ఆరు. ఎన్+1 కాదు, ఎన్ మాత్రమే. ఆరు జతలు అడిగే మూసిన ఆకారం ఐదు మూలల ట్రైగోనల్ బైపిరమిడ్. మరి ఆరో ఓస్మియం? అది ఒక త్రిభుజ ముఖం మీద టోపీలా కూర్చుంటుంది. టోపీ తన మూడు ఆర్బిటాళ్లతో ఆ ముఖాన్ని పట్టుకుంటుంది కానీ కొత్త బంధక ఆర్బిటాల్ దేన్నీ తేదు. అందుకే ఒక్కో లోహ టోపీకి 12 ఎలక్ట్రాన్లు కలిపితే చాలు: 72+12, సరిగ్గా 84.

దీనికి రెండు ఎలక్ట్రాన్లిచ్చి ద్వి ఋణ అయాన్ చేస్తే 86. టోపీ దిగిపోయి మొత్తం ఆక్టాహెడ్రన్‌గా మారుతుంది. ఎలక్ట్రాన్లు చేర్చగానే ఆకారం మారడం ఈ లెక్క ఎంత నిజమో చూపుతుంది. ఆ అయాన్‌కు ఒక ప్రోటాన్ చేర్చినా ఆక్టాహెడ్రనే. రెండు ప్రోటాన్లు చేర్చి తటస్థం చేస్తే మాత్రం, అదే 86తో, టోపీ పెట్టిన చతురస్ర పిరమిడ్ వస్తుంది. ఇది నియమం ఓడిపోవడం కాదు: పిరమిడ్‌కు 74, టోపీకి 12, మొత్తం 86. ఒకే అంకెకు రెండు ఆకారాలూ చెల్లుతాయి. వాటి మధ్య ఎంపిక హైడ్రోజన్లూ కార్బొనైల్‌లూ ఎలా సర్దుకుంటాయన్న దాని మీద ఆధారపడింది. జవాబు రాసేటప్పుడు ‘86 అంటే ఆక్టాహెడ్రన్’ అని ముగించేవారు ఈ సమ్మేళనాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

టోపీల వరుస ఇంకా పెద్దది. ఏడు ఓస్మియంలు, 21 కార్బొనైల్‌లకు 98, అంటే 86+12, ఒక టోపీ ఆక్టాహెడ్రన్. పది ఓస్మియంలు, లోపల కార్బన్, 24 కార్బొనైల్‌ల ద్వి ఋణ అయాన్‌కు 80+4+48+2, మొత్తం 134, అంటే 86కు నాలుగు పన్నెండులు. నాలుగు టోపీల ఆక్టాహెడ్రన్.

నియమం చెల్లని చోట్లు

బయట లైగాండ్లేమీ లేని నగ్న క్లస్టర్లకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. Sn అనే గుర్తుతో చదువుకున్న తగరం ఒక్కోటి 2 ఇస్తుంది. ఐదు తగరాల ద్వి ఋణ అయాన్‌లో 12 ఎలక్ట్రాన్లు, ఆరు జతలు, ట్రైగోనల్ బైపిరమిడ్. తొమ్మిది తగరాలు, నాలుగు ఋణావేశాలైతే 22, పదకొండు జతలు, నిడో, ఒక టోపీ స్క్వేర్ యాంటీప్రిజం. ఇక తొమ్మిది బిస్మత్‌ల, ఐదు ధనావేశాల అయాన్‌లోనూ 27−5, అంటే 22. అదీ నిడో కావాలి. కానీ Bi₂₄Cl₂₈ అనే బిస్మత్ క్లోరైడ్ స్ఫటికంలో అది క్లోజో ఆకారమైన మూడు టోపీల ప్రిజానికి దగ్గరగా కనిపిస్తుంది. తొమ్మిది మూలల దగ్గర ఈ రెండు ఆకారాల మధ్య శక్తి తేడా చాలా తక్కువ, పరమాణువులు కాస్త జరిగితే ఒకటి రెండోదవుతుంది. అక్కడ లెక్క కన్నా స్ఫటికంలో పొరుగున ఏముందన్నదే తేలుస్తుంది.

బోరాన్ క్లోరైడ్లు మరో తరహా. బి₉సీఎల్₉ లో జతలు తొమ్మిదే, ఎన్+1 లేదు. అయినా టోపీల ప్రిజం ఆకారమే ఉంటుంది. క్లోరిన్ తన ఒంటరి జతల నుంచి చట్రానికి కొంత సర్దుతుంది. హైడ్రోజన్‌కు ఆ వెసులుబాటు లేదు.

హాలైడ్ లోహ క్లస్టర్లకైతే ఈ నియమమే వర్తించదు. ఆరు మాలిబ్డినంలు, 14 క్లోరైడ్‌ల ద్వి ఋణ అయాన్‌లో లోహాల మధ్య 24 ఎలక్ట్రాన్లున్నాయి. అవి 12 అంచులకు 12 జతలుగా సరిపోతాయి. ఆరు నియోబియంలు, 12 క్లోరైడ్‌ల ద్వి ధన అయాన్‌లో 16. అవి ఎనిమిది ముఖాలకు ముఖానికొక జత. రెండూ ఆక్టాహెడ్రన్లే, రెండింటిలోనూ ఏడు అన్న అంకె కనిపించదు. క్లోరైడ్‌లు ముఖాల మీద ఉన్నాయా, అంచుల మీద ఉన్నాయా అన్నదాన్ని బట్టి లోహాల ఆర్బిటాళ్లు ఏ దిక్కుకు ఖాళీగా ఉన్నాయో తేలుతుంది. మాలిబ్డినంలో క్లోరైడ్‌లు ఎనిమిది ముఖాలను ఆక్రమిస్తే బంధాలు అంచులకు వెళ్లాయి. నియోబియంలో అవి 12 అంచులను ఆక్రమిస్తే బంధాలు ముఖాలకు వెళ్లాయి.

ఘనపదార్థాల్లో అదే ఏడు

కాల్షియం హెక్సాబోరైడ్‌లో బి₆ ఆక్టాహెడ్రన్లు ఒకదానితో ఒకటి మూలల దగ్గర కట్టుకుని అన్ని వైపులా విస్తరిస్తాయి. ఒక్కో ఆక్టాహెడ్రన్ చట్రానికి 14 కావాలి. బయటికి వెళ్లే ఆరు బంధాల్లో ఒక్కోదానికి తన వాటా ఒక్కటి, మొత్తం 6. అన్నీ కలిపి 20. ఆరు బోరాన్లు 18 ఇస్తాయి. కాల్షియం ఇచ్చే 2తో లెక్క సరిగ్గా నిండుతుంది. కాల్షియం బదులు లాంథనం పెడితే అది 3 ఇస్తుంది. ఒక ఎలక్ట్రాన్ చట్రానికి అక్కర్లేకుండా మిగిలి లోహంలో మాదిరిగా సంచరిస్తుంది. లాంథనం హెక్సాబోరైడ్ మంచి వాహకం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో ఎలక్ట్రాన్లను వెదజల్లే కేథోడ్‌గా వాడుతున్నారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన లెక్క

వేడ్ నియమం ఒక్క చట్రం దగ్గర ఆగిపోతుంది. రెండు ఐకోసాహెడ్రన్లు నాలుగు బోరాన్లను పంచుకుని అతుక్కున్న బి₂₀హెచ్₁₆ కు ఎన్ని జతలు కావాలి? 2001లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి ఇ.డి. జెమ్మిస్, ఎం.ఎం. బాలకృష్ణరాజన్, పి.డి. పంచరత్న దీనికి సూత్రం ప్రకటించారు. దాన్ని ఎంఎన్‌ఓ నియమం అంటారు. చట్రాల సంఖ్య ఎం, మొత్తం మూలలు ఎన్, రెండు చట్రాలు ఒకే ఒక్క మూల దగ్గర కలిసిన చోట్ల సంఖ్య ఓ, పోయిన మూలలు పీ. ఇవన్నీ కలిపి, టోపీల సంఖ్య క్యూ తీసేస్తే కావాల్సిన జతలు వస్తాయి.

ఒక్క మూసిన చట్రానికి ఎం ఒకటి కనుక ఎన్+1. మూల పోతే పీ ఒకటి కలిసి ఎన్+2. టోపీ ఉంటే ఒకటి తగ్గి ఎన్. వేడ్, మింగోస్ చెప్పినవన్నీ ఇందులో ఇమిడిపోయాయి. బి₂₀హెచ్₁₆ కు 2+20, అంటే 22 జతలు కావాలి. ఉన్నవి చూద్దాం: 16 బి-హెచ్‌లవి 32, హైడ్రోజన్ లేకుండా మధ్యలో పంచుకున్న నాలుగు బోరాన్లు మూడేసి ఇస్తాయి కనుక 12, మొత్తం 44. ఇరవై రెండు జతలు, సరిపోయింది.

రెండు ఐదు కార్బన్ల వలయాల మధ్య ఇనుము ఉన్న ఫెర్రోసీన్‌ను కూడా ఇదే లెక్కలోకి తేవచ్చు. ఇనుము దగ్గర కలిసిన రెండు నిడో పిరమిడ్లుగా చూస్తే చట్రాలు 2, మూలలు 11, ఒకే మూల పంపకం 1, పోయిన మూలలు 2. మొత్తం 16 జతలు. పది సి-హెచ్‌లు 30 ఇస్తాయి. ఇనుము ఎనిమిదిలో ఆరు అబంధకంగా ఉంచుకుని 2 ఇస్తుంది. 32 ఎలక్ట్రాన్లు, పదహారు జతలు.

ఈ లెక్క చేసిన పెద్ద పని బోరాన్ మూలకం దగ్గరే. బీటా రాంబోహెడ్రల్ బోరాన్‌లో ఐకోసాహెడ్రన్లు ముఖాలు పంచుకుని అతుక్కుని ఉంటాయి. ఆదర్శ నమూనాలో యూనిట్ సెల్‌కు 105 పరమాణువులుండాలి. నిజమైన స్ఫటికంలో కొన్ని స్థానాలు పాక్షికంగా ఖాళీ, ఉండకూడని సందుల్లో కొన్ని బోరాన్లు. చాలాకాలం వీటిని స్ఫటిక లోపాలుగానే చూశారు. అతుక్కున్న ఐకోసాహెడ్రన్ల ముక్కను, విడి బి₁₂ ముక్కలను విడివిడిగా తీసుకుని ఎంఎన్‌ఓ లెక్క వేస్తే మొదటిదానిలో ఎలక్ట్రాన్లు మిగులుతాయి, రెండోదానికి తక్కువపడతాయి. పరమాణువులు ఒకచోట తగ్గి మరోచోట చేరడం ఆ రెండు ఖాతాలనూ సరిచేయడానికే.